ఉత్తరపదం చెప్పే చరిత్ర: తెలుగు జిల్లాల పేర్లలో స్థానిక వ్యక్తులు

ఉపోద్ఘాతం

తెలుగులో ఊరి పేరు చాలావరకు రెండు పదాల సమాసం. పూర్వపదం ఆ ఊరిని తక్కిన ఊళ్ల నుంచి వేరుచేస్తుంది. ఉత్తరపదం అది ఎటువంటి చోటో తెలుపుతుంది. బుక్కరాయసముద్రం అన్నప్పుడు ‘బుక్కరాయ’ ఒక వ్యక్తిని, ‘సముద్రం’ ఒక చెరువును సూచిస్తాయి. వినోదరాయునిపాలెం అన్నప్పుడు ఒక మనిషి, ఆ మనిషికి సంబంధించిన పాలెం కనిపిస్తాయి. ఆ రాయుడు ఎవరో తెలియకపోయినా అక్కడ పాలెం వెలసిందన్న సంగతిని ‘పాలెం’ అన్న మాట చెబుతూనే ఉంటుంది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లపై చేసిన పరిశోధన మొదలుకొని తెలుగులో స్థలనామ అధ్యయనం ఈ రెండు పదాల విభజనను ఆధారంగా చేసుకునే సాగింది.

జిల్లా పేర్ల విషయంలో ఈ విభజన కొత్త సమస్యను ముందుకు తెస్తుంది. గత అర్ధశతాబ్దంలో తెలుగు ప్రాంతంలోని పలు జిల్లాలకు వ్యక్తుల పేర్లు పెట్టారు. ఈ పేర్లలో ఉత్తరపదం అన్ని చోట్లా ఒక్కటే, అది ‘జిల్లా’. అరబ్బీలో పక్కటెముకను, పార్శ్వాన్ని సూచించే మాట నుంచి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన ఈ పదం పాలనా విభాగాన్ని మాత్రమే తెలుపుతుంది. ఆ వ్యక్తి చెరువు తవ్వించాడా, పేట కట్టించాడా, పోరాడాడా అన్నది దీనివల్ల తెలియదు. సముద్రం, సాగరం, పాలెం, పేట వంటి పదాలు వ్యక్తినీ నేలనూ ఏదో ఒక పని ద్వారా కలుపుతాయి. జిల్లా అన్న పదం వారిని కలిపేది ప్రభుత్వ ఉత్తర్వు ద్వారానే. పనికి సాక్ష్యంగా నేలమీద ఒక కట్ట మిగులుతుంది, ఉత్తర్వును మరో ఉత్తర్వు మార్చగలదు. జిల్లాల పేర్లలో నిలిచిన స్థానిక వ్యక్తులను ఈ భేదం దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాగరం పేరిట: అనంతపురం, పోరుమామిళ్ల

అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. జిల్లా పేరుకు మూలం పట్టణం, పట్టణం పేరుకు మూలం చెరువు. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడెయ పండమేరుకు అడ్డంగా ఆ చెరువు కట్టించి, బుక్కరాయసముద్రం, అనంతసాగరం అన్న రెండు ఊళ్లు నెలకొల్పాడన్నది అంగీకృతమైన కథనం. బుక్కరాయసముద్రం విషయంలో సందేహం లేదు. చిక్కు అంతా ‘అనంత’ శబ్దం దగ్గరే ఉంది.

ఈ పేరుపై రెండు వాదాలు ఉన్నాయి. బుక్కరాయల రాణి పేరు మీదుగా అనంతసాగరం ఏర్పడిందని ఒక వాదం. బుక్కరాయలకు ఆ పేరుగల రాణి లేదు కాబట్టి, అనంతరసు అన్న నామాంతరంగల చిక్కవొడెయ పేరే ఊరికి వచ్చిందని రెండవ వాదం. మొదటిది నిజమైతే ఒక జిల్లా తన పేరులో ఒక చారిత్రక స్త్రీని మోస్తున్నదని ఒప్పుకోవాలి. రెండవది నిజమైతే రాజు పేరు ఒక ఊరికి, మంత్రి పేరు పక్క ఊరికి పెట్టి, చివరకు జిల్లా స్థాయికి మంత్రి పేరే చేరిందనుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల పేర్లలో జోగులాంబ వంటి దేవతల పేర్లు కనిపిస్తాయి. చరిత్రలో జీవించిన స్త్రీ పేరుతో ఉత్తర్వు ద్వారా ఏర్పడిన జిల్లా ఒక్కటీ లేదు. అందువల్ల అనంతపురం గురించిన ఈ పాత వివాదం వ్యుత్పత్తి చర్చకు పరిమితమైన చిన్న విషయం కాదు.

ఈ సందర్భంలో ఉపకరించే సమకాలీన సాక్ష్యం పోరుమామిళ్ల చెరువు శాసనం. కడప ప్రాంతంలోని ఈ సంస్కృత శాసనం శక సంవత్సరం 1291 నాటిది, అంటే క్రీ.శ. 1369. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును నిర్మించాడని అది చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, రాకూడని 6 దోషాలను వివరిస్తుంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసిన సంగతిని నమోదు చేస్తుంది. కట్ట పొడవు 5000, వెడల్పు 8, ఎత్తు 7 రేఖాదండాలని కొలతలు ఇస్తుంది. మధ్యయుగ ఆంధ్రదేశంలో ఒక నీటిపారుదల నిర్మాణం గురించి ఇంత వివరమైన శాసనాలు అరుదు. ఆ చెరువుకు పెట్టిన పేరు అనంతరాజసాగరం.

బుక్కరాయల కాలంలోనే, ‘అనంతరాజ’ అన్న పురుషనామం ‘సాగరం’ అన్న ఉత్తరపదంతో కలిసి మరోచోట కనిపించడం రెండవ వాదానికి బలం చేకూరుస్తుంది. అయినా ఇది నిర్ణాయక సాక్ష్యం కాదు. పోరుమామిళ్ల చెరువును కట్టించినవాడు ఒకడు, చెరువు పేరులో ఉన్నవాడు వేరొకడు. కాబట్టి సాగరం పేరులోని పూర్వపదం నిర్మాతనే సూచించాలన్న నియమం లేదు. తన యజమాని పేరో, ఆప్తుల పేరో పెట్టే ఆచారం ఉన్నప్పుడు అనంతపురం విషయంలో రాణి పక్షాన్ని పూర్తిగా తోసిపుచ్చడం తొందరపాటే అవుతుంది.

ఇందులో మరింత ఆసక్తికరమైనది ఈ రెండు పేర్ల తరువాతి చరిత్ర. పోరుమామిళ్లలో పేరును రాతిమీద చెక్కించారు. అయినా ప్రజలు అనంతరాజసాగరం అన్న పేరును వదిలేసి పోరుమామిళ్ల చెరువు అనే అంటున్నారు. అనంతపురంలో పేరు తొలి రూపం నుంచి మారింది, ‘సాగరం’ పోయి ‘పురం’ వచ్చింది. తరువాత ఏలిన హండే వంశం కారణంగా కొంతకాలం హండే అనంతపురంగానూ వ్యవహారంలో ఉంది. ఇన్ని మార్పుల మధ్య ‘అనంత’ నిలిచింది, కానీ ఆ అనంత ఎవరన్నది నిలవలేదు. ఒకచోట వ్యక్తి వివరం శాసనంలో మిగిలి పేరు వాడుక నుంచి జారిపోయింది. మరోచోట పేరు మిగిలి వ్యక్తి జారిపోయాడు, లేదా జారిపోయింది. తెలుగు క్రియలో లింగాన్ని తేల్చక తప్పని ఇటువంటి చోటనే ఈ వివాదం బరువు తెలుస్తుంది.

ఆబాదు, నగరు

నిజాం రాజ్యంలో ఊరి పేర్లకు ఆబాద్, నగర్ అన్న ఉత్తరపదాలు విస్తృతంగా వచ్చాయి. పాలమూరు 1890లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయింది. ఇందూరు నిజామాబాద్ అయింది. కరీంనగర్ పేరు ఎలగందుల కిల్లేదారు సయ్యద్ కరీముద్దీన్ వల్ల వచ్చిందని ప్రతీతి. ఈ మూడింటిలో స్థానిక వ్యక్తి అనదగినవాడు కరీముద్దీన్ ఒక్కడే. పాలమూరు, ఇందూరు అన్న మాటలు సభల్లో, పత్రికల్లో, సాహిత్య సంస్థల పేర్లలో నేటికీ సజీవంగా ఉన్నాయంటే పాలకుని పేరు కార్యాలయ వ్యవహారాన్ని దాటి ప్రజల నాలుకను పూర్తిగా ఆక్రమించలేదని అర్థం.

ఈ వరుసలో షాద్‌నగర్‌ది ప్రత్యేక స్థానం. హైదరాబాదు ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూ, ఫారసీ భాషల్లో ‘షాద్’ అన్న కలంపేరుతో కవిత్వం రాశాడు. ఆ కలంపేరే పట్టణానికి పేరైందని ప్రసిద్ధి. పదవీనామం, వంశనామం కాక కవినామం స్థలనామంగా మారిన సందర్భం ఇది. 1936లో నిజామాంధ్ర మహాసభ అయిదవ సమావేశం ఇక్కడే జరిగింది. అప్పటికి కిషన్ పర్షాద్ ఇంకా ప్రధాని పదవిలోనే ఉన్నాడు. ప్రధాని కలంపేరును ధరించిన పట్టణంలో, ఆయన ప్రభుత్వ పాలనలోని తెలుగువారి హక్కుల కోసం జరిగిన ఆ సభకు అధ్యక్షత వహించినవాడు కొండా వెంకట రంగారెడ్డి.

రంగారెడ్డి: మనిషి, జిల్లా

రంగారెడ్డి (1890–1970) మొయినాబాద్ ప్రాంతంలోని పెదమంగళారంలో జన్మించాడు. న్యాయవాదిగా, ఆంధ్ర మహాసభ నాయకునిగా, హైదరాబాదు రాష్ట్రంలోనూ తరువాత ఆంధ్రప్రదేశ్‌లోనూ మంత్రిగా పనిచేశాడు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల విలీనానికి ముందు 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలో ఆయన ఒకడు. బూర్గుల రామకృష్ణారావు, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు తక్కిన ముగ్గురు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వాడై ఉండాలన్నది ఒప్పందంలోని ఒక అంశం. తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఆ పదవిని భర్తీ చేయలేదు. దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో ఆ పదవి రంగారెడ్డికి దక్కింది.

హైదరాబాదు జిల్లా నుంచి గ్రామీణ ప్రాంతాన్ని వేరుచేసి 1978 ఆగస్టు 15న కొత్త జిల్లాను ఏర్పాటు చేసి, దానికి కె.వి. రంగారెడ్డి పేరు పెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డి, అంటే 22 ఏళ్ల కిందట అదే ఒప్పందంపై రంగారెడ్డితో పాటు సంతకం చేసిన సహచరుడే. మధ్యలో 1969 ఉద్యమం నడిచింది, దానికి చెన్నారెడ్డి నాయకత్వం వహించాడు. ఒప్పందం అమలు కాలేదన్న ఫిర్యాదు ఆ ఉద్యమానికి మూలకారణాల్లో ఒకటి. ఈ నేపథ్యంలో చూసినప్పుడు ఆ నామకరణాన్ని కేవలం నివాళిగా పరిగణించడం సరిపోదు. అమలుకు నోచుకోని ఒక రాజకీయ హామీకి సాక్షిగా నిలిచిన మనిషి పేరు రాజధాని చుట్టూ ఉన్న నేలకు పెట్టడం అది.

అయితే వాడుకలో పేరు పొందిన పరిణామం వేరు. మొదట ఇంటిపేరు, నడిమిపేరు పొడి అక్షరాలయ్యాయి. తరువాత ‘కె.వి.’ కూడా రాలిపోయి రంగారెడ్డి జిల్లా మిగిలింది. కార్యాలయ వ్యవహారంలో అది ‘ఆర్.ఆర్. జిల్లా’గా కుదించుకుపోయింది. రంగారెడ్డి అన్నది తెలంగాణలో సర్వసాధారణమైన పేరు. ఇంటిపేరు తొలగిన తరువాత అది ఫలానా వ్యక్తిని సూచించే శక్తిని కోల్పోయింది. విద్యార్థుల్లో ఎక్కువమందికి అది భూముల ధరలను, ఐటీ కారిడార్‌ను గుర్తుచేసే మాట. 1936 నాటి సభాధ్యక్షుణ్ణి గుర్తుచేసే మాట కాదు.

ఆయన విషయంలో సరిహద్దులు మాత్రం అనుకోని మేలు చేశాయి. 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణలో వికారాబాద్, మేడ్చల్ జిల్లాలు విడిపోయినా మొయినాబాద్ రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. అప్పటిదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ కూడా ఇందులోకి వచ్చింది. ఆయన అధ్యక్షత వహించిన సభాస్థలి, 80 ఏళ్ల తరువాత, ఆయన పేరున్న జిల్లాలో చేరింది.

వినోదరాయుడు, ప్రకాశం

టంగుటూరి ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టాడు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానిని ప్రకాశం జిల్లాగా మార్చారు. మూడు జిల్లాల శకలాలను, అంటే తీరాన్నీ మెట్టనూ నల్లమల అంచునూ కలిపిన కొత్త విభాగానికి ఉమ్మడి భౌగోళిక నామం దొరకడం కష్టం. ఒంగోలు పేరు మార్కాపురం, గిద్దలూరు వారికి దూరపు పట్టణం పేరే. అటువంటి చోట అందరికీ చెందిన వ్యక్తి పేరు అతుకును కప్పే పనిచేస్తుంది. ప్రకాశం పేరు ఆ పనిని తక్కిన చాలా పేర్లకంటే సమర్థంగా నిర్వహించింది. జిల్లావాసులు తమను ‘ప్రకాశం జిల్లావాళ్లం’ అని చెప్పుకుంటారు, కథకులూ విమర్శకులూ ‘ప్రకాశం జిల్లా సాహిత్యం’ అన్న మాటను సహజంగా వాడతారు. ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా, ‘నా జీవితయాత్ర’ రచయితగా ఆయన గురించిన ఇతర జ్ఞాపకాలు గట్టిగా ఉండటం ఇందుకు తోడ్పడింది.

ఆయన పుట్టిన ఊరి పేరును కూడా పక్కన పెట్టి చూడాలి. ‘వినోదరాయుడు’ షష్ఠీ అర్థంలో ‘వినోదరాయుని’ అయి, ‘పాలెం’తో కలిసింది. ఇద్దరివీ వ్యక్తినామాలే. ఒకటి ఊరుగా, మరొకటి ఆ ఊరిని కలుపుకున్న జిల్లాగా ఒకే చిరునామాలో ఇమిడాయి. జిల్లా పేరులోని వ్యక్తి గురించి పాఠ్యపుస్తకాలున్నాయి. ఊరి పేరులోని వ్యక్తి ఒక విభక్తి ప్రత్యయం వెనుక ఉండిపోయాడు. తెలుగునాట వందల ఊళ్లది ఇదే స్థితి. స్థానిక చరిత్ర పరిశోధన జిల్లాల పేర్ల దగ్గర ఆగకుండా గ్రామ కైఫీయత్తుల దాకా, దేవాలయ శాసనాల దాకా వెళ్లవలసిన అవసరం ఇక్కడే తెలుస్తుంది.

కదిలే సరిహద్దులు

జిల్లా సరిహద్దు కదిలినప్పుడు వ్యక్తి ఒకవైపు, అతని ఊరు మరోవైపు మిగిలిన సందర్భాలు తక్కువేమీ కాదు. పొట్టి శ్రీరాములు 1901లో మద్రాసులో పుట్టాడు. ఆయన పూర్వికుల ఊరు కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లి, అప్పట్లో అది నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 విభజనలో కనిగిరి కొత్త జిల్లాకు వెళ్లింది. 2008లో నెల్లూరుకు శ్రీ పొట్టి శ్రీరాములు పేరు చేర్చేనాటికి ఆ ఊరు ఆ జిల్లాలో లేదు. తెలంగాణలో ఆచార్య కొత్తపల్లి జయశంకర్ ఊరు అక్కంపేట. ఆయన పేరుతో 2016లో ఏర్పడిన జిల్లాకు కేంద్రం భూపాలపల్లి, అక్కంపేట మాత్రం అందులో లేదు. 2022లో విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు నందమూరి తారక రామారావు జన్మించిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఈ చివరిది అప్పట్లో బాగా చర్చకు వచ్చింది, తక్కిన రెండింటి గురించి అంత చర్చ జరగలేదు.

అల్లూరి సీతారామరాజు జిల్లా ఈ కోవలో మరింత లోతుగా చూడదగినది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగాయి. సరిగ్గా శతాబ్దం తరువాత, 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. చింతపల్లి, రాజవొమ్మంగి, ఆయనను కాల్చిచంపిన కొయ్యూరు ప్రాంతం ఆ జిల్లాలో చేరాయి. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాకు, జన్మస్థలం పాండ్రంగి విశాఖపట్నం జిల్లాకు వెళ్లాయి. ‘మన్యం వీరుడు’ అన్న బిరుదులోని ‘మన్యం’ పార్వతీపురం జిల్లా పేరులో కుదురుకుంది.

ఇక్కడ ‘స్థానిక’ అన్న విశేషణాన్నే ప్రశ్నించవలసి వస్తుంది. సీతారామరాజు మైదానం నుంచి మన్యానికి వచ్చినవాడు. పోరాటానికి బలగాన్ని, దారులను, ఆశ్రయాన్ని ఇచ్చినవారు అక్కడి ఆదివాసులు, ముఠాదారులు. గాం గంటందొర బట్టిపనుకుల ముఠాదారు. చింతపల్లి డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ దౌర్జన్యాలను ఎదిరించి, ముఠాదారీని కోల్పోయి పోరాటంలో చేరాడు, 1924లో ప్రాణాలు విడిచాడు. ఆయన సోదరుడు మల్లుదొర శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యానంతరం 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కొండకు పుట్టిన ఈ ఇద్దరి పేర్లకు జిల్లా స్థాయి దక్కలేదు. దీనివల్ల సీతారామరాజు గొప్పతనానికి లోటు రాదు. అయితే ఒక ఉద్యమానికి ఒక్క పేరే చాలునన్న పాలనా సౌలభ్యం చరిత్ర రచనకు కూడా అలవాటుగా మారడం ప్రమాదకరం.

అదే ఏడాది కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడంపై అమలాపురంలో హింస చెలరేగింది. అంబేడ్కర్ స్థానికుడు కాదు కనుక ఆ విషయం ఈ వ్యాస పరిధికి వెలుపలిది. అయినా ఒకటి గమనించాలి. ‘స్థానికత’ అన్న వాదం పేరును సమర్థించడానికీ, వ్యతిరేకించడానికీ ఉపయోగపడుతుంది. దాని వెనుక పనిచేసేది చాలాసార్లు స్థానికత కాదు, కులం.

పొడి అక్షరాలు

ఉత్తర్వులోని పూర్తిపేరు నోటిలోనూ దస్త్రంలోనూ నిలవదు. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ‘ఎస్పీఎస్సార్ నెల్లూరు’ అయింది. అల్లూరి సీతారామరాజు జిల్లా ‘ఏఎస్సార్’ అయింది. 58 రోజుల నిరాహారదీక్ష చేసి మరణించిన మనిషి నాలుగు ఆంగ్ల అక్షరాలుగా మారడం పొడవైన పేరును కుదించే సహజ భాషా ప్రక్రియే. ‘అనంతసాగరం’ వంటి పాత పేర్లలో కూడా కుదింపు జరిగింది. కానీ అక్కడ కుదించిన తరువాత కూడా పలకదగిన తెలుగు మాట మిగిలింది. ఎన్టీఆర్, వైఎస్సార్ అన్న పొడి అక్షరాలు వ్యక్తులు బతికి ఉండగానే జనవ్యవహారంలో పేర్లుగా స్థిరపడ్డాయి కాబట్టి అవి వేరు. శ్రీరాములును ఆయన కాలంలో ఎవరూ ఎస్పీఎస్సార్ అని పిలవలేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ దత్తమండలంలో కనిపిస్తుంది. థామస్ మన్రో పేరును అక్కడి ప్రజలు పిల్లలకు పెట్టుకున్నారు. మండ్రోలప్ప, మండ్రోలమ్మ అన్న రూపాలు ఆ ఆంగ్ల అధికారి పేరును తెలుగు ఉచ్చారణలో, తెలుగు ప్రత్యయంతో పూర్తిగా ఇముడ్చుకున్నాయి. ఏ ఉత్తర్వూ లేకుండానే అది జరిగింది.

భీం, ఆసిఫాబాద్

ఉత్తరపదం గురించిన చర్చ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా దగ్గర కొత్త మలుపు తిరుగుతుంది. ఆసిఫాబాద్ అన్న పేరులోనే ఆసఫ్‌జాహీ వంశనామం ఉంది. దానికి ముందు, ఆ వంశ పాలనను ఎదిరించి 1940లో జోడేఘాట్ వద్ద మరణించిన గోండు నాయకుని పేరును 2016లో చేర్చారు. చంపించిన ప్రభుత్వం పేరు, దాని చేతిలో చనిపోయినవాని పేరు ఒకే అధికారిక నామంలో పక్కపక్కన నిలిచాయి. ‘ఆబాద్’ అంటే జనావాసమైన, సుభిక్షమైన చోటు. అడవిలో పోడు కొట్టుకుని బతికేవారిని ఖాళీ చేయించిన కాలంలో భీం అడిగింది సరిగ్గా అదే, తమ గూడేలు ఆవాసాలుగా ఉండనిమ్మని. ఆ ఘటన తరువాతనే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిని అధ్యయనం చేసేందుకు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను నియోగించింది.

పేరు రాతలో ఇంకా స్థిరత్వం రాలేదు. కొమురం, కొమరం, కుమురం, కుంరం అన్న రూపాలు బోర్డులపై, పుస్తకాల్లో, ఉత్తర్వుల్లో కనిపిస్తాయి. సాహు, అల్లం రాజయ్యల నవల ‘కొమురం భీం’ ద్వారా తెలుగు పాఠకలోకానికి మొదటి రూపం ఎక్కువగా పరిచయమైంది. ఈ వైవిధ్యాన్ని అక్షరదోషంగా చూడటం పొరపాటు. గోండి భాషలోని ఇంటిపేరును తెలుగు చెవి ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా విన్న ఫలితం ఇది. ఏ రూపం సరైనదన్న ప్రశ్నకు జవాబు తెలుగు నిఘంటువులో దొరకదు, గోండి మాట్లాడేవారి ఉచ్చారణలో వెతకాలి.

తక్కిన పలువురికి భిన్నంగా భీం విషయంలో నేల కూడా పేరుతో పాటే ఉంది. జోడేఘాట్ కెరమెరి మండలంలో, ఆయన పేరున్న జిల్లాలోనే ఉంది. ఆయన మరణించిన తేదీ గ్రంథాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల మధ్య మారుతుంటుంది. గోండులు ఆ తేదీలను పట్టించుకోరు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో కలుసుకుని తమ పద్ధతిలో ఆయన వర్ధంతి జరుపుకుంటారు.